కార్లు లేని ఆల్ప్స్ ఊళ్లలో స్కీయింగ్ సెలవు: జెర్మాట్, వెంగెన్, మ్యూరెన్, సాస్ ఫే, అవోరియాజ్‌లలో ఏది ఎవరికి?

ఆల్ప్స్‌లో స్కీయింగ్‌కి ఎక్కడికి వెళ్లాలని ఎవరినడిగినా ముందు కిలోమీటర్ల లెక్క చెప్తారు. ఇక్కడ 360 కిలోమీటర్ల పిస్టులు ఉన్నాయి, అక్కడ 600 ఉన్నాయి అంటారు. పిస్టు అంటే మంచును యంత్రాలతో చదును చేసిన స్కీ దారి. మొదటిసారి స్కీలు కట్టుకునేవాళ్లకు ఈ అంకెలతో పనేమీ లేదు. మొదటి రెండు మూడు రోజులు వాళ్లు ఎక్కేదీ దిగేదీ పడేదీ ఒకే ఒక్క చిన్న వాలు మీద.

పైగా మనవాళ్లు వెళ్లే తీరే వేరు. ఆరుగురు బయల్దేరితే నిజంగా స్కీయింగ్ చేసేది ఇద్దరో ముగ్గురో. మిగిలినవాళ్లలో అమ్మానాన్నలు ఉంటారు, చంటిపిల్లతో వదినగారు ఉంటారు, "ఈ వయసులో కాళ్లు విరగ్గొట్టుకోవడం నాకెందుకురా" అనే బావగారు ఉంటారు. అందుకే ఊరు ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. స్కీయింగ్ చేయనివాళ్లు పగలంతా ఏం చేస్తారు? మధ్యాహ్నం అందరూ ఒక్కచోట కూర్చుని తినగలరా? రాత్రికి ఏం దొరుకుతుంది?

తొందరలో ఉన్నవాళ్లకు నా మాట ముందే చెప్పేస్తాను. పెద్దవాళ్లు, పిల్లలు కలిసి మొదటిసారి వెళ్తున్న కుటుంబమైతే వెంగెన్. మంచి భోజనం కోసమే సగం ప్రయాణం, ఖర్చుకి వెనకాడం, స్కీయింగ్ ఇప్పటికే కొంత వచ్చు అంటే జెర్మాట్. సొంతంగా వండుకుంటాం, పిల్లలకు నేర్పించాలి అంటే అవోరియాజ్. వారం రోజులూ పట్టుదలగా నేర్చుకోవాలనుకునే కుర్రకారుకి సాస్ ఫే. ఇద్దరే వెళ్తున్నారు, సందడి అక్కర్లేదు అంటే మ్యూరెన్.

కార్లు లేవంటే ఎంతవరకు లేవు?

ఒక్కో ఊళ్లో ఒక్కో లెక్క. ఈ ఐదింటిలో అవోరియాజ్ తప్ప మిగతా నాలుగూ స్విట్జర్లాండ్‌వి. వెంగెన్, మ్యూరెన్ కొండ అంచున ఉన్న ఊళ్లు. మన కారులో అక్కడికి వెళ్లే దారే లేదు. రైలో కేబుల్ కారో ఎక్కాల్సిందే. జెర్మాట్‌కి వెళ్లేవాళ్లు ఐదు కిలోమీటర్ల ముందు టేష్ అనే ఊళ్లో కారు పెట్టేసి, 12 నిమిషాలు షటిల్ రైల్లో వెళ్తారు. సాస్ ఫేకి 1951లో రోడ్డు వచ్చింది గానీ దాన్ని ఊరి పొలిమేరలోనే ఆపేశారు. కారు అక్కడి పార్కింగ్‌లో వదలాలి. ఫ్రాన్స్‌లోని అవోరియాజ్ కథ వేరు. అది పాత పల్లెటూరు కాదు, 1960ల్లో స్కీయింగ్ కోసమే, మొదటి నుంచీ కార్లు లేకుండా కట్టిన ఊరు. 1960 ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ (కొండ వాలు మీద వేగంగా దిగే స్కీ రేసు) స్వర్ణం గెలిచిన జాన్ వ్యువార్నే దీని వెనక ఉన్న ముఖ్యుడు.

కార్లు లేవంటే బండ్లే ఉండవనుకోవద్దు. జెర్మాట్‌లో ఎలక్ట్రిక్ టాక్సీలు, హోటళ్ల చిన్న బండ్లు ఇరుకు వీధుల్లో తెగ తిరుగుతుంటాయి. చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చేస్తాయి కాబట్టి పిల్లల చెయ్యి వదలకూడదు. "ప్రశాంతమైన ఆల్ప్స్ గ్రామం" అని మనసులో బొమ్మ గీసుకుని వెళ్లినవాళ్లకు జెర్మాట్ మెయిన్ వీధి సాయంత్రం పూట కొంచెం నిరాశే. ఆ ప్రశాంతత నిజంగా కావాలంటే వెంగెన్ మేలు, మ్యూరెన్ ఇంకా మేలు. అవోరియాజ్‌లో మీ సామాను గుర్రపు స్లెడ్జి మీదో మంచు మీద నడిచే బండి మీదో ఇంటికి చేరుతుంది. ఊరి వీధులే స్కీ దారులు కావడంతో, నడిచేటప్పుడు రెండు వైపులా చూసుకోవాల్సింది స్కీలేసుకుని వచ్చేవాళ్ల కోసం.

సామాను గురించి ఒక్కమాట. సూట్‌కేసు చక్రాలు మంచు మీద తిరగవు. ఏ రైలుకి దిగుతున్నారో హోటల్‌కి ముందే మెయిల్ పెడితే చాలామంది స్టేషన్‌కి బండి పంపిస్తారు. ఇది ఉచితమా కాదా అన్నది బుకింగ్‌కి ముందే అడగండి. నలుగురికి నాలుగు పెద్ద పెట్టెలు కాకుండా, స్కీ బట్టలు అక్కడే అద్దెకు తీసుకునో, డెకథ్లాన్‌లో తక్కువలో కొనుక్కునో బరువు తగ్గించుకోండి. స్కీలు, బూట్లు, హెల్మెట్ ఎలాగూ అద్దెకే.

జెర్మాట్: తినడానికి ముందు వరస, నేర్చుకోవడానికి చివరి వరస

4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరం జెర్మాట్ మీద ఒంటరిగా నిలబడి ఉంటుంది. చాక్లెట్ పెట్టెల మీద, క్యాలెండర్ల మీద చూసిన అదే కొండ. ఊరి ఎత్తు 1,600 మీటర్లు. అక్కడి నుంచి లిఫ్టులు (జనాన్ని కొండ పైకి మోసే కేబుల్ కార్లు, వేలాడే కుర్చీలు) 3,883 మీటర్ల దాకా వెళ్తాయి. ఇటలీ వైపు చెర్వీనియాతో కలిపి దాదాపు 360 కిలోమీటర్ల పిస్టులు. ఎత్తు వల్ల మంచుకి లోటుండదు, హిమానీనదం మీద ఏడాది పొడవునా స్కీయింగ్ నడుస్తుంది.

ఇన్ని ఉన్నా, అసలు స్కీయింగ్ రానివాళ్లు నేర్చుకోవడానికి జెర్మాట్ వెళ్తే డబ్బు దండగ అని నా అభిప్రాయం. బేసిక్స్ నేర్పే చోటు ఊళ్లో కాదు, పైన సున్నెగ్గాలో ఉంది. కొండ లోపల సొరంగంలో నడిచే రైల్లో పైకి వెళ్లాలి. నేర్చుకున్నాక సులువైన దారులు ఉన్నాయి గానీ ఒక లిఫ్టు నుంచి ఇంకో లిఫ్టుకి వెళ్లే దారుల్లో కొన్ని ఇరుకు, మధ్యాహ్నం అయ్యేసరికి రద్దీ. లిఫ్టులన్నీ ఎక్కడానికి పూర్తి రోజు పాస్ సీజన్‌లో ఒక్కొక్కరికి 80 స్విస్ ఫ్రాంకులు దాటుతుంది. దానిలో పదోవంతు కూడా వాడుకోలేనివాళ్లు అంత పెట్టడం ఎందుకు?

భోజనం దగ్గరికి వస్తే జెర్మాట్‌తో పోటీ పడే స్కీ ఊరు దొరకడం కష్టం. ఇక్కడ మధ్యాహ్న భోజనం అంటే కొండ మీద ఆకలికి ఏదో తినేయడం కాదు, రోజులో ముఖ్యమైన కార్యక్రమం. ఊరికి పైన ఫిండెల్న్ అనే చిన్న పల్లె ఉంది. ఎండకి నల్లబడిన చెక్క ఇళ్లు, నాలుగైదు భోజనశాలలు, ఎదురుగా మాటర్‌హార్న్. వాటిలో షే వ్రోనీకి బాగా పేరు. అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది ఏమిటంటే, స్కీయింగ్ చేసేవాళ్లు పిస్టు మీదుగా, చేయనివాళ్లు సున్నెగ్గా దాకా రైల్లో వెళ్లి అక్కడి నుంచి నడిచి ఇదే పల్లెకి చేరుకోవచ్చు. మధ్యాహ్నం అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. టేబుల్ మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. ఫిబ్రవరిలో అప్పటికప్పుడు వెళ్తే ఎండలో కుర్చీ దొరకదు.

స్కీయింగ్ బాగా వచ్చినవాళ్లకు ఇంకో సరదా ఉంది. పొద్దున్నే పైకెళ్లి, సరిహద్దు దాటి ఇటలీలోకి దిగి, చెర్వీనియాలో పాస్తా తిని, కాఫీ తాగి వెనక్కి రావచ్చు. అక్కడ భోజనం స్విస్ వైపు కన్నా చవక. దీనికి రెండు దేశాలకూ చెల్లే పాస్ కావాలి, పాస్‌పోర్ట్ దగ్గర ఉండాలి. గడియారం మీద కూడా ఒక కన్ను వెయ్యాలి. ఆఖరి లిఫ్టు తప్పిపోతే లేదా గాలి ఎక్కువై లిఫ్టులు ఆపేస్తే, కొండ చుట్టూ రోడ్డు మీద గంటల తరబడి టాక్సీలో రావాలి. ఆ బిల్లుతో ఫిండెల్న్‌లో ఎన్నో భోజనాలు చేయొచ్చు. 2023 నుంచి స్కీయింగ్ రానివాళ్లు కూడా కేబుల్ కార్లలోనే జెర్మాట్ నుంచి ఇటలీ వైపు దాటే వీలుంది. టికెట్ ధర మాత్రం చూసుకుని ఎక్కండి.

స్కీయింగ్ చేయని పెద్దవాళ్లకు గోర్నర్‌గ్రాట్ రైలు. 1898 నుంచి నడుస్తున్న పళ్లచక్రాల రైలు ఇది. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే 3,089 మీటర్లకు చేరి, హిమానీనదాలను కిటికీలోంచి చూస్తారు. 3,883 మీటర్ల పైస్టేషన్‌కి మాత్రం గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లను డాక్టర్‌ని అడక్కుండా తీసుకెళ్లొద్దు. అంత ఎత్తుకి అంత తొందరగా చేరితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే తల తిరుగుతుంది.

వెంగెన్, ఎదురుగా మ్యూరెన్

లౌటర్‌బ్రున్నెన్ లోయకి ఒక గట్టు మీద వెంగెన్, అవతలి గట్టు మీద మ్యూరెన్. ఇంటర్లాకెన్ నుంచి రైల్లో లౌటర్‌బ్రున్నెన్ వచ్చి, అక్కడ పళ్లచక్రాల రైలెక్కితే పావుగంట లోపే వెంగెన్. ఎత్తు 1,274 మీటర్లు. మిగతా ఊళ్లతో పోలిస్తే తక్కువే. దీని లాభనష్టాలు రెండూ ఉన్నాయి. పెద్దవాళ్లకు నిద్ర పడుతుంది, ఊపిరికి ఇబ్బంది ఉండదు. మంచు తక్కువ పడిన ఏడాది మాత్రం ఊరి దాకా స్కీ మీద దిగి రావడం కుదరకపోవచ్చు, పైనుంచి రైల్లోనే రావాలి. స్కీ దారుల్లో ఎక్కువ భాగం ఊరికన్నా పైనే కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లు దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

నేర్చుకునే వాలు ఊరి నడిబొడ్డున ఉంది. హోటల్ బాల్కనీలోంచి నానమ్మ మనవడిని చూస్తూ టీ తాగొచ్చు. స్కీ స్కూలు, అద్దె దుకాణం, స్టేషన్, సూపర్‌మార్కెట్ అన్నీ నడక దూరంలోనే. మూడు రోజులు గడిచాక కాస్త పట్టు దొరికితే కేబుల్ కారులో మెన్లిషెన్ పైకి వెళ్లండి. అక్కడ వెడల్పైన నీలం దారులు (సులువైన పిస్టులకు రంగు గుర్తు నీలం) ఉంటాయి, ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ మూడు శిఖరాలూ వరసగా కనిపిస్తాయి.

రైళ్లే ఇక్కడి పెద్ద బలం. క్లైనె షైడెగ్‌కి (2,061 మీటర్లు) స్కీ వేసుకున్నవాళ్లూ వేసుకోనివాళ్లూ ఒకే రైల్లో వెళ్తారు. మధ్యాహ్నం స్టేషన్ పక్కనే ఉన్న భోజనశాలల్లో ఎండలో కూర్చుని రోష్టి తినొచ్చు. రోష్టి అంటే తురిమిన బంగాళదుంపలను పెనం మీద ఎర్రగా కాల్చి, పైన గుడ్డో చీజో వేసి ఇచ్చేది. అక్కడి నుంచే 1912 నుంచి యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కి రైలు నడుస్తోంది, 3,454 మీటర్ల దాకా. ఆ టికెట్ ఖరీదైనది, అయినా మన కుటుంబాలు అక్కడికి వెళ్లకుండా వెనక్కి రావు. కాబట్టి బడ్జెట్‌లో ముందే వేసుకోండి, మబ్బు లేని రోజు చూసుకుని వెళ్లండి.

భోజనంలో వెంగెన్ జెర్మాట్‌కి సాటి రాదు. ఎక్కువ హోటళ్లలో హాఫ్ బోర్డ్ ఉంటుంది, అంటే పొద్దున టిఫిన్, రాత్రి భోజనం కలిపి గది అద్దె. పద్ధతైన నాలుగు వరసల డిన్నర్ పెడతారు. బాగుంటుంది, కానీ నాలుగో రాత్రికి మన నాలుక కారం అడుగుతుంది. అప్పుడు వెంగెన్‌కున్న అసలు వసతి బయటపడుతుంది. రైల్లో గంటలోపు ఇంటర్లాకెన్ వెళ్లిపోతే అక్కడ ఇండియన్ రెస్టారెంట్లు చాలా ఉన్నాయి. హిందీ సినిమాల పుణ్యమా అని మన టూరిస్టులు ఆ ఊరికి ఎంతగా అలవాటయ్యారంటే, 2016లో అక్కడ యశ్ చోప్రాకి విగ్రహమే పెట్టారు. బిర్యానీ విషయంలో హైదరాబాద్ వాళ్లు ఆశలు తగ్గించుకోవాలి గానీ, పప్పన్నం దొరుకుతుంది.

మ్యూరెన్ ఎత్తు 1,638 మీటర్లు, జనాభా నాలుగైదు వందలు. పిస్టులు యాభై కిలోమీటర్ల పైచిలుకే. పైన 2,970 మీటర్ల షిల్ట్‌హార్న్ మీద గుండ్రంగా తిరిగే రెస్టారెంట్ ఉంది, 1960ల చివర్లో జేమ్స్ బాండ్ సినిమా షూటింగ్ జరిగింది అక్కడే. పొద్దున్నే మొదటి కేబుల్ కారులో వెళ్లి అక్కడ టిఫిన్ చేయడం బాగుంటుంది. ఊళ్లో మాత్రం రాత్రి ఎనిమిది దాటాక చేయడానికేమీ ఉండదు, తినడానికి ఎంపికలు తక్కువ. కొత్త దంపతులకి ఇదే వరం. చిన్నపిల్లలున్నవాళ్లు రెండో రోజుకే విసిగిపోతారు. వాళ్లు వెంగెన్‌లో దిగి మ్యూరెన్‌ని ఒక పగలు చూసి రావడం మంచిది.

సాస్ ఫే

జెర్మాట్‌కి పక్క లోయలోనే ఉంది. విస్ప్ స్టేషన్ నుంచి పసుపు పచ్చ పోస్ట్‌బస్ ఎక్కితే గంట లోపు. 1,800 మీటర్ల ఎత్తు, చుట్టూ నాలుగు వేల మీటర్లు దాటిన శిఖరాలు. ఎత్తు, హిమానీనదం రెండూ ఉండటం వల్ల సీజన్ మొదట్లోనూ చివర్లోనూ మంచు మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఊరి అంచునే చదునైన పచ్చిక ఉంది, చలికాలంలో అదే నేర్చుకునే మైదానం. కాబట్టి మొదటి రోజుల్లో పెద్ద పాస్ కొనక్కర్లేదు. గదులు, భోజనం కూడా మొత్తం మీద జెర్మాట్ కన్నా తక్కువలో దొరుకుతాయి.

నచ్చనిది ఒకటుంది. కొండలు మరీ దగ్గరగా ఉండటంతో డిసెంబర్, జనవరిలో ఊరి మీద ఎండ తొందరగా పోతుంది. స్కీయింగ్ చేసేవాళ్లు పైన ఎండలో ఉంటారు, కింద ఉండిపోయినవాళ్లకి మధ్యాహ్నం నుంచే చలి. అందుకే పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను సాస్ ఫే చెప్పను, చెప్తే మార్చిలో వెళ్లమంటాను. మిట్టెలల్లాలిన్‌కి కొండ లోపలి నుంచి వెళ్లే మెట్రో ఆల్పిన్ రైల్లో 3,500 మీటర్లకు చేరొచ్చు. అక్కడా ఒక తిరిగే రెస్టారెంట్ ఉంది, ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తున ఉన్నది ఇదే అంటారు. తిండి మామూలే. తలుపు బయట కనిపించేదానికే ఆ డబ్బు.

అవోరియాజ్: వంటగది ఉన్నవాళ్లదే రాజ్యం

ఇక్కడ పాత చెక్క ఇళ్లు, చర్చి, కొట్టాలు ఆశించొద్దు. కొండ చరియల్లా అంచెలంచెలుగా, చెక్క పెంకులు తొడిగిన ఎత్తైన అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. కొందరికి ముచ్చట, కొందరికి చిరాకు. నాకు మంచు పడుతున్న సాయంత్రం బాగానే అనిపిస్తుంది, మిట్టమధ్యాహ్నం మాత్రం కాదు. ఎత్తు దాదాపు 1,800 మీటర్లు. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌లలోని పన్నెండు ఊళ్లను కలిపే పోర్ట్ దు సొలేయ్‌లో ఇదొక భాగం, మొత్తం పిస్టులు 600 కిలోమీటర్ల దరిదాపు. జెనీవా ఎయిర్‌పోర్ట్ నుంచి రోడ్డు మీద రెండు గంటల లోపే.

ఫ్రాన్స్‌లో పిస్టులకు నీలం కన్నా సులువైన ఆకుపచ్చ రంగు కూడా ఉంటుంది, స్విట్జర్లాండ్‌లో నీలంతోనే మొదలు. భయపడేవాళ్లకు ఈ ఒక్క మెట్టు చాలా ధైర్యం. పిల్లల కోసం ఊరి మధ్యలోనే స్కీ క్రీడాకారిణి ఆనీ ఫమోజ్ మొదలుపెట్టిన 'విలాజ్ దెజాన్‌ఫాన్' ఉంది. పిల్లల్ని పొద్దున అక్కడ అప్పజెప్పి సాయంత్రం తీసుకోవచ్చు. అలసిపోతే ఆక్వారియాజ్ అనే వేడినీళ్ల వాటర్ పార్క్ ఉంది. స్కీయింగ్ చేయని పెద్దవాళ్లకు మాత్రం ఇక్కడ కాలక్షేపం తక్కువ. కిటికీలోంచి చూసే రైళ్లు లేవు, నడవడానికి పాత వీధులు లేవు.

గదులు ఎక్కువగా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు, శనివారం నుంచి శనివారం వరకు లెక్క. వారం రోజులు ఆరుగురు స్విస్ రెస్టారెంట్లలో తినే ఖర్చుతో పోలిస్తే ఇక్కడ మిగిలేది చాలా ఎక్కువ. అయితే వంట గురించి తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. 1,800 మీటర్ల ఎత్తులో నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు పెడితే ఒక పట్టాన మెత్తబడదు. చిన్న కుక్కర్ తెచ్చుకోండి, లేదా ఎర్ర మసూర్ పప్పు వాడండి. ఇండక్షన్ పొయ్యి ఉంటే అల్యూమినియం గిన్నెలు పనికిరావు. తాలింపు వేసేటప్పుడు కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ పెట్టి వేయండి. ఎండుమిర్చి ఘాటుకి పొగ అలారం మోగితే బిల్డింగ్ అంతా బయట మంచులో నిలబడుతుంది.

ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. యూరోపియన్ యూనియన్‌లోకీ, స్విట్జర్లాండ్‌లోకీ మాంసం, పాల పదార్థాలు మనతో తీసుకెళ్లడం నిషేధం. అంటే మటన్ పచ్చడి సంగతి అటుంచి, నెయ్యి సీసా, పాలకోవా, పూతరేకుల్లో నెయ్యి కూడా కస్టమ్స్‌లో ప్రశ్నే. ఆవకాయ, కారప్పొడి, చింతపండు పులిహోర పేస్టు నిశ్చింతగా పెట్టుకోండి, మూతకి రెండు కవర్లు తొడగండి. వెన్న అక్కడ మంచిదే దొరుకుతుంది, కాచుకుంటే నెయ్యి.

శాకాహారులకు దొరికేవి, దొరకనివి

వెజ్ దొరకదని భయపడక్కర్లేదు, చీజ్ దేశాలు కదా. వాలే ప్రాంతంలో, అంటే జెర్మాట్, సాస్ ఫేలలో, రాక్లెట్ తినకుండా రావద్దు. చీజ్ చక్రాన్ని సగానికి కోసి, మంట దగ్గర కరిగించి, ఉడికించిన బంగాళదుంపల మీదికి గీకి పెడతారు. పక్కన చిన్న దోసకాయల ఊరగాయ ఉంటుంది. మన కారప్పొడి చిటికెడు చల్లితే ఇంకా బాగుంటుంది, ఎవరూ ఏమీ అనుకోరు. ఆల్ప్లర్‌మాక్రోనెన్ అని మాకరోనీ, బంగాళదుంప, క్రీమ్, చీజ్ కలిపి యాపిల్ సాస్‌తో ఇస్తారు. పిల్లలు ఇష్టంగా తింటారు.

కరిగించిన చీజ్‌లో రొట్టె ముక్కలు ముంచుకుని తినే ఫాండ్యూలో మాత్రం వైట్ వైన్ పోస్తారు. మద్యం ముట్టనివాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి. కూరగాయల సూప్‌కి కూడా చాలాచోట్ల మాంసం వండిన నీళ్లే వాడతారు. "మాంసం లేకుండా" అని చెప్పినా పంది మాంసం ముక్కలు చిన్నవి చల్లి తెచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్ల దృష్టిలో అది రుచి కోసం వేసేదే. రోష్టి, ఆల్ప్లర్‌మాక్రోనెన్, ఫ్రాన్స్ వైపు తార్తిఫ్లెట్ (బంగాళదుంపల మీద చీజ్ కరిగించి ఇచ్చేది) ఈ మూడింట్లో తప్పకుండా అడగాలి. జర్మన్ మాట్లాడే ఊళ్లలో "ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్" అనండి, అవోరియాజ్‌లో "సాన్ వియాంద్, సాన్ లార్డోన్". రెండింటికీ అర్థం మాంసం వద్దు, పంది మాంసం ముక్కలూ వద్దు అని. ఇంకా పట్టింపు ఉన్నవాళ్లకు: గ్రుయేర్ లాంటి సంప్రదాయ చీజ్‌లను దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో తోడు పెడతారు. నియమం గట్టిగా ఉన్న అమ్మమ్మగారికి ఈ సంగతి అక్కడికెళ్లాక కాకుండా ముందే చెప్పడం మర్యాద.

హాఫ్ బోర్డ్ తీసుకుంటే మీలో ఎంతమంది వెజ్, ఎవరు గుడ్డు తింటారు అన్నది రాతపూర్వకంగా పంపండి. కొండ కింద చాలా వంటశాలలు మధ్యాహ్నం రెండు దాటాక మూసి మళ్లీ ఆరింటికి తెరుస్తాయి. మూడున్నరకి ఆకలేస్తే బేకరీయే దిక్కు. కొండ మీద ఒక ప్లేటు పాస్తాకి స్విట్జర్లాండ్‌లో పాతిక ఫ్రాంకులు, ఆపైన వేసుకోండి. నీళ్ల సీసాకీ డబ్బులే. ఫ్రాన్స్‌లో అయితే కుళాయి నీళ్ల జగ్గు అడిగితే ఉచితంగా ఇస్తారు. స్విస్ ఊళ్లలో వీధి ఫౌంటెన్ నీళ్లు, తాగొద్దని బోర్డు లేకపోతే, నేరుగా తాగొచ్చు. ఖాళీ సీసా వెంట ఉంచుకోండి.

ఎప్పుడు వెళ్లాలి

క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఎక్కడైనా ధరలు ఆకాశంలోనే. సంక్రాంతి సెలవులు జనవరి మధ్యలో రావడం మనకి కలిసొచ్చేదే, ఆ రోజుల్లో మంచు బాగుంటుంది, జనం తక్కువ. ఒక్క వెంగెన్ మాత్రం దీనికి మినహాయింపు. 1930లో మొదలైన లౌబర్‌హార్న్ రేసు జనవరి మధ్యలోనే జరుగుతుంది. దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల డౌన్‌హిల్, వరల్డ్ కప్‌లో అన్నిటికన్నా పొడవైనది. గంటకు 150 కిలోమీటర్లు దాటి దూసుకొస్తారు. చూడ్డానికి అద్భుతం, గది దొరకడం కష్టం. రేసు తేదీ చూసుకుని, దానికి వారం అటో ఇటో వెళ్లండి. ఫిబ్రవరి నుంచి మార్చి మొదటి వారం దాకా ఫ్రాన్స్ స్కూళ్ల సెలవులు, అప్పుడు అవోరియాజ్ వైపు చూడొద్దు. మన ఎండాకాలం సెలవుల్లో, మే నెలలో స్కీయింగ్ కావాలంటే ఈ ఐదింటిలో మిగిలేది జెర్మాట్ హిమానీనదం ఒక్కటే. అదీ స్కీయింగ్ వచ్చినవాళ్లకే. మేలో మంచు చూడ్డం, ఆడుకోవడం చాలనుకుంటే యుంగ్‌ఫ్రావ్‌యోక్ సరిపోతుంది.

బుకింగ్‌కి ముందు

ఇండియా పాస్‌పోర్ట్‌తో ఇండియా నుంచి వెళ్తుంటే షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి చెల్లే ఒకే వీసా) ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి పెట్టాలి. జెనీవాలో దిగినా, వారం అవోరియాజ్‌లో ఉంటే అది ఫ్రాన్స్ వీసా. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, చివరి నెలకి వదిలేయకండి. వీసా వచ్చేదాకా హోటల్ క్యాన్సిల్ చేసుకునే వీలున్న రేటులోనే తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే.

వీసా కోసం చూపించే 30,000 యూరోల ఇన్సూరెన్స్‌లో చాలాసార్లు స్కీయింగ్ ప్రమాదాలు రావు. పాలసీ కాగితంలో వింటర్ స్పోర్ట్స్, కొండ మీంచి హెలికాప్టర్‌లో దించడం రెండూ ఉన్నాయో లేదో వెతకండి. లేకపోతే అదనంగా కట్టండి. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేస్తూ రోడ్డు మీద వెళ్లేవాళ్లకు వీసా గొడవ లేదు గానీ ఈ ఇన్సూరెన్స్ మాట వాళ్లకూ వర్తిస్తుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల పాలసీ విడిగా చూడాలి, వాళ్లు స్కీ వేయకపోయినా మంచు మీద జారి పడే అవకాశం అందరికన్నా వాళ్లకే ఎక్కువ. బూట్ల కింద తగిలించుకునే రబ్బరు ముళ్ల పట్టీలు అక్కడి దుకాణాల్లో అమ్ముతారు. దిగిన రోజునే వాళ్లిద్దరికీ కొనిపెట్టండి.